గోడకు తోడు

ఎర్నమ్మ వంటింటి గోడకు బీట పడి చాలా ఏళ్లయింది. చూరు కింద మొదలై, పొయ్యి వెనకగా వంకర్లు పోతూ నేలదాకా దిగేది. వానాకాలంలో అందులోంచి నీళ్లు కారేవి, ఎండాకాలంలో జెర్రులు వచ్చేవి. రోజూ పొయ్యి వెలిగించే ముందు ఆమె ఒక పాత గుడ్డపీలికను అందులోకి కుక్కేది. ఆ ఏడు తొలకరి వానలు వెనకబట్టాక ఒక ఉదయం అలాగే కుక్కబోతే పీలిక లోపలికి పోలేదు. వేలు పెట్టి చూసింది. వేలూ పోలేదు.

"ఒసే హైమా! బేగి రా! గోడ మూసుకుపోనాదే!"

వీధరుగు మీద ఇడ్లీ తింటున్న హైమవతి చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది. ఎంగిలి చేతిని కొంగుకు తుడుచుకుని, ఫోను వెలుతురు గోడ మీదికి తిప్పింది. బీట ఉండాల్సిన చోట తెల్లటి గీత ఒకటి, పాత గాయం మానాక మిగిలే మచ్చలా ఉంది. గోరుతో గీకింది. రాలలేదు. ప్రయోగశాలలో పెంకుల మీద ఇది జరగడం ఎన్నోసార్లు చూసింది గానీ, పోపు వేసే పొయ్యి వెనక, అక్క చేతి మసి మధ్య చూడటం అదే మొదటిసారి. ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఏటే, ఏడుత్తన్నావా?" అంది ఎర్నమ్మ.

"లేదప్పా. పొగ."

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

సాలిగెడ్డ సముద్రానికి దగ్గరి ఊరు. అక్కడి గాలిలోని ఉప్పు సిమెంటును తినేస్తుంది, లోపలి ఇనుపచువ్వల్ని తినేస్తుంది. నేతపని వాళ్ల కోసం పురపాలక సంఘం ఒకప్పుడు కట్టించిన మగ్గాలవీధి ఇళ్లు కళ్లెదుటే పెచ్చులూడిపోతున్నాయి. వాటి బాగుకోసమని ఇంటిపన్నుతో పాటు మరమ్మతు పన్ను అని ఒకటి ఏళ్ల తరబడి వసూలు చేస్తున్నారు. ఆ డబ్బులోంచే కొంత తీసి, పాత నీళ్లట్యాంకు పక్కన సంఘం ఒక చిన్న ప్రయోగశాల పెట్టింది. అందులో హైమవతి సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. తల్లి పోయాక ఇడ్లీలమ్మి చెల్లెల్ని చదివించింది ఎర్నమ్మే. ఉద్యోగం వచ్చినా హైమ వేరే ఇల్లు తీసుకోలేదు. అక్కా బావల దగ్గర, పుట్టిన వీధిలోనే ఉండిపోయింది.

ఊరిబయట ఉప్పుమడుల్లో గట్టుమీద పేరుకునే పెళుసు పొరలో ఆమెకు ఆ జీవులు దొరికాయి. సున్నమూ, కాస్త తడీ ఉంటే చాలు, అవి బతుకుతాయి. బతికినంతకాలం తమ చుట్టూ రాయి పేరుస్తూ పోతాయి. గోడలో బీట ఉన్నచోటే తడి చేరుతుంది, తడి ఉన్నచోటికే అవి చేరతాయి. సున్నపునీళ్లలో, బెల్లంపాకం చుక్కతో కలిపి గోడకు పూయడమే చెయ్యాల్సింది. మిగతాది అవే చూసుకుంటాయి. తొలకరికి ముందు తమ ఇంటివరస గోడలకు హైమ పూసి చూసింది దాన్నే.

"అంటే పాలకి తోడెట్టినట్టన్నమాట," అంది ఎర్నమ్మ అంతా విని.

"అంతేనప్పా. గోడకి తోడు."

ఆ మాట మధ్యాహ్నానికల్లా వీధంతా పాకింది.

*

వారం తిరక్కుండానే చైర్‌పర్సన్ విశాలాక్షి ప్రయోగశాలకు వచ్చింది. ఒకప్పుడు బడిపంతులమ్మ. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా వినడం, విన్నాక తన మాట నెమ్మదిగా చెప్పడం ఆమె పద్ధతి. మానిన పెంకును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒకసారి పూస్తే ఎన్నాళ్లుంటుందమ్మా?"

"గోడ ఉన్నన్నాళ్లూ ఉంటుంది మేడమ్. అవి బతికే ఉంటాయి కదా."

విశాలాక్షి పెంకును బల్ల మీద పెట్టింది. "అదే ఇబ్బంది."

హైమకు అర్థం కాలేదు.

"ఈ ఊళ్లో ఇంటిపన్ను సక్రమంగా కట్టేదెవరో తెలుసా? మీ మగ్గాలవీధి లాంటి వీధులవాళ్లు. బీచిరోడ్డు మేడలవాళ్లు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంటారు. వచ్చింది జీతాలకే చాలదు. గెడ్డగట్టు మీద టార్పాలిన్ల కింద ఎన్ని కుటుంబాలున్నాయో చూశావా? వాళ్లకి ఇళ్లు కట్టాలంటే నాకు ఏటేటా వచ్చే రాబడి కావాలి. నీ మందు ఏడాదికోసారి మళ్లీ వేసుకోవాల్సింది అయితే, ఇంటికి కొద్దిపాటి రుసుము పెడతాం. ఆ డబ్బుతో గట్టుమీదవాళ్లకి గోడలు లేపుతాం. తప్పంటావా?"

హైమ తప్పనలేకపోయింది. వాగు వెంబడి ఆ గెడ్డగట్టు ఆమె రోజూ దాటి వచ్చే దారే. వానొస్తే అక్కడి ఆడవాళ్లు టార్పాలిన్ అంచులు పట్టుకుని రాత్రంతా నిలబడటం ఆమెకు తెలుసు. ఏడాదికి కొన్ని రూపాయలతో వాళ్లకు ఇల్లు వస్తుందంటే, పని చెయ్యనని చెప్పడానికి నోరు రాలేదు.

అలా రెండో జాతి పుట్టింది. తన తిండిలో ఒక దినుసును తాను తయారుచేసుకోలేని జీవిని ఆమె తయారుచేసింది. ఆ దినుసు పొట్లంలో వస్తుంది, గోడకు నీళ్లతో చల్లాలి. ఏడాదికోసారి చల్లితే బతుకుతాయి, లేకపోతే చచ్చిపోతాయి. చచ్చినా అప్పటిదాకా పేర్చిన రాయి ఉంటుంది, కొత్త బీటలు మాత్రం మానవు. అంతే కదా నష్టం, అనుకుంది హైమ. పెంకుల మీద కొన్ని నెలలు చూసింది. రాయి గట్టిగానే ఉంది. ఇంకొన్నాళ్లు చూస్తానంటే పైవాళ్లు ఆగలేదు. వర్షాలు వచ్చేస్తున్నాయి, పని కానివ్వమన్నారు.

ఎర్నమ్మ ఇంటివరసలో మాత్రం మొదట పూసిన పాతదే ఉంది. మిగతా వరసలన్నిటికీ కొత్తది పూశారు. ఏటా చల్లే పొట్లానికి జనం బతుకుపొట్లం అని పేరు పెట్టుకున్నారు. మొదటి ఏడు పొట్లం ఉచితంగానే ఇచ్చారు. రెండో ఏడు రుసుము పెట్టారు. ఆ తర్వాత, ఇంటిపన్ను బకాయి ఉన్నవాళ్లకు పొట్లం ఇవ్వరాదని సంఘం తీర్మానించింది.

వెనక వరసలో లచ్చుమమ్మ అని ఒక నేతగత్తె ఉండేది. మొగుడు మంచాన పడి చనిపోయినప్పటినుంచీ ఆమె ఇంటిపన్ను కట్టలేకపోతోంది. తిన్నగా ప్రయోగశాలకే వచ్చి హైమ బల్ల ముందు నిలబడింది.

"పన్నుకి నన్నడగండి, గోడనెందుకు మాడ్చేస్తారు? పన్ను కట్టనిది నాను గానీ, గోడ కాదు గదా!"

హైమకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. పురపాలక కమిషనరుతో మాట్లాడతానంది. మాట్లాడింది కూడా. తీర్మానం తీర్మానమే అన్నారు.

*

గోడ పడింది మిట్టమధ్యాహ్నం. లచ్చుమమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. గాలి లేదు, వాన లేదు. పక్కింటివాళ్లకు గోడ పడ్డ చప్పుడు కూడా పెద్దగా వినబడలేదు. పిండిబస్తా జారినట్టయిందన్నారు. ఆమెను బయటికి లాగేసరికి తుంటి విరిగి ఉంది, ఎడమకాలు మోకాలి కింద నుజ్జయి ఉంది.

హైమ కూలిన గోడముక్క ఒకటి తెచ్చుకుని చేతిలో నలిపింది. తడిసిన అటుకుల్లా చితికిపోయింది. పులిసిన వాసన. ఆ సాయంత్రానికి సూక్ష్మదర్శిని కింద సంగతి తేలిపోయింది. తిండి లేక మాడిన జీవులు ఊరికే చావలేదు. చావబోతూ, బతకడానికి ఆఖరి ప్రయత్నంగా, తాము పేర్చిన రాయినే కరిగించి తినడం మొదలుపెట్టాయి. దాంతో పాటు పాత సిమెంటునూ తిన్నాయి. పొట్లం అందని ప్రతి గోడా పైకి నున్నగా, లోపల గుల్లగా తయారవుతోంది. పెంకుల మీద ఇది ఎందుకు కనబడలేదో ఆమెకు తెలుసు. మాడ్చాల్సినంత కాలం మాడ్చి చూడలేదు.

ఆసుపత్రి వరండాలో ఎర్నమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. హైమ వెళ్లి పక్కన కూర్చుంది.

"డాక్టరేమన్నాడు?"

"కాలు తీసేత్తారట. తుంటి అతుక్కుంటాదట గానీ, మగ్గం గుంటలోకి ఇంక దిగనేదట." ఎర్నమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "హైమా, నిజం సెప్పు. ఆ సచ్చిపోయే మందు, అది నువ్వు సేసినావా? నీకు తెలిసే సేసినావా?"

"నేనే చేశానప్పా. గోడ కూలుతుందని తెలీదు. చచ్చిపోతుందని తెలుసు."

ఎర్నమ్మ అరవలేదు, తిట్టలేదు. చెల్లెలి భుజానికి ఆనుకున్న తన భుజాన్ని మాత్రం కాస్త పక్కకి జరుపుకుంది. ఆ జానెడు ఎడం హైమను కోసేసింది.

"మా గోడ బతికే ఉంది గదా," అంది చివరికి ఎర్నమ్మ, ఎదురుగా చూస్తూనే. "నాకు బతికేది, దానికి సచ్చేది. అదెలాగే?"

హైమ లేచింది. జవాబు చెప్పుకోవడం కంటే చెయ్యాల్సిన పని ఎక్కువ ఉందని ఆమెకు ఆ క్షణంలో తోచింది.

*

రాత్రీ పగలూ పరీక్షలు చేసి, పదిరోజులకు హైమ వెళ్లి చెప్పిందంతా విశాలాక్షి విన్నది. ముఖం పాలిపోయింది. అయినా గొంతు మారలేదు.

"చికిత్స ఖర్చు సంఘం భరిస్తుంది. పొట్లం వేస్తే ఆగుతుందా?"

"ఆగుతుంది."

"అయితే పొట్లం అందరికీ వేద్దాం. ఈసారి అప్పుగా ఇద్దాం, పన్నులో కలుపుదాం."

"వచ్చే ఏడు మేడమ్? ఆపై ఏడు? ఒక్క ఏడు ఎవరి దగ్గరైనా డబ్బు లేకపోతే వాళ్ల గోడ వాళ్ల మీదే పడుతుంది. పాతది పూద్దాం. చావనిది. అది దీన్ని తినేస్తుంది, గుల్లబారిన చోట మళ్లీ రాయి కడుతుంది. నేను పరీక్షించాను. ఈసారి తొందరపడకుండా పరీక్షించాను."

విశాలాక్షి కిటికీలోంచి బయటికి చూసింది. పొట్లాల రాబడి చూపించి సంఘం బ్యాంకులో అప్పు తెచ్చింది. ఆ అప్పుతో మొదలుపెట్టింది గెడ్డగట్టు ఇళ్లు కాదు, కొత్త కార్యాలయ భవనం. ఊరికి హోదా ఉంటే నిధులు వస్తాయన్నారు. ఇళ్లు ఆ తర్వాత అన్నారు. రాబడి ఆగితే అప్పు ఎలా తీరుతుంది? ఆ సంగతి ఆమె చెప్పలేదు, కిటికీలోంచి కనిపిస్తున్న సగం లేచిన అద్దాల గోడలే చెప్పాయి.

రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. పాత జాతి నమూనాలన్నీ ప్రయోగశాలలో నాశనం చెయ్యాలి. మగ్గాలవీధి ముందువరసలో దాన్ని గీకించి కొత్తది పూయించాలి. దీనిమీద హైమవతి సంతకం కావాలి, పాతది ప్రమాదకరమని.

"సంతకం పెట్టను," అంది హైమ. తెచ్చిన గుమస్తాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి మరీ చెప్పింది. "నేను ఒకసారి ఊఁ అన్నాను. ఒకసారి చాలు."

ఆమె లేకుండానే సీసాలన్నీ మరిగే ఆవిరిలో పెట్టి చంపేశారు. ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది. తర్వాత చెప్పులేసుకుని ఇంటికి నడిచింది.

"అప్పా," అంది గుమ్మంలోంచే, "గోడ గీకాలి. పొయ్యి వెనకది. కొంచెమే."

ఎర్నమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె చెల్లెలి కళ్లలోకి సూటిగా చూడటం అదే మొదలు. లేచి అట్లకాడ తీసుకొచ్చింది.

గీకిన పొడిని గోరువెచ్చని సున్నపునీళ్లలో వేశారు. బెల్లం వేశారు. ఎర్నమ్మ ఇడ్లీపిండి గిన్నెలన్నీ ఖాళీ చేసి ఇచ్చింది. మూతలు పెట్టి పొయ్యి పక్కన ఉంచితే మర్నాటికి గిన్నెల మీద మీగడలాంటి తెల్లటి పొర కట్టింది. ఆ గిన్నెలోంచి గరిటెడు పక్కింటికి. ఆ ఇంటి గిన్నెలోంచి గరిటెడు ఆపై ఇంటికి. అక్కడి ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, రోజూ పెరుగు తోడు ఇచ్చిపుచ్చుకునే చేతులే. గుల్లబారిన గోడలకు గుంజలు ఆసరా పెట్టి, బీటల్లోకి పోసి, పైన పూశారు. ఎర్నమ్మ మొగుడు గౌరీసు నిచ్చెన మీద చూరు కింద పూస్తుంటే, హైమ కిందనుంచి సున్నం గమేళా అందించింది. సున్నం తగిలి ఆమె చేతులు పొక్కాయి. ఎర్నమ్మ కొబ్బరినూనె గిన్నె ఆమె ముందు పెట్టి వెళ్లిపోయింది.

*

గీకుడు కూలీలు వచ్చేసరికి వీధి మొత్తం తెల్లగా ఉంది. వెంట పోలీసులు వచ్చారు. వెనక జీపులో విశాలాక్షి వచ్చింది. ఆడవాళ్లు ఎవరి గోడకు వాళ్లు వీపు ఆన్చి నిలబడ్డారు, తడి సున్నం రవికలకు అంటుకుంటున్నా కదల్లేదు.

"ఇది సంఘం ఆస్తి," అంది విశాలాక్షి. "సంఘం డబ్బుతో తయారైంది. అనుమతి లేకుండా వాడటం దొంగతనం కిందికి వస్తుంది. హైమవతిగారూ, మీకు తెలియనిదా?"

"సంఘం డబ్బంటే ఎవుల్దమ్మా?" అంది ఎర్నమ్మ. "నాను ఇడ్లీలమ్మి కట్టినదే గదా? మరమ్మతు పన్ను, మరమ్మతు పన్ను అని పట్టుకెళ్లినారు. ఇదిగో, మరమ్మతు. మా డబ్బుతో మా గోడ బాగుచేసుకున్నాం. దొంగలెవులు?"

హైమ ముందుకొచ్చింది. అందరికీ వినబడేలా మాట్లాడింది. చచ్చిపోయే జాతిని తయారుచేసింది తానేనని, ఎందుకు చేసిందో, అది లచ్చుమమ్మను ఏం చేసిందో దాచకుండా చెప్పింది. కొందరు ముఖాలు తిప్పుకున్నారు. ఒకావిడ గట్టిగా తిట్టింది. హైమ తిట్టు పూర్తయ్యేదాకా ఆగి, తర్వాత అంది:

"నన్ను ఏమన్నా పడతాను. కేసు పెట్టండి, జైలుకు పొమ్మంటే పోతాను. ఈ గోడల్ని మాత్రం మళ్లీ చంపనివ్వను."

"మరి గెడ్డగట్టు వాళ్ల మాటేమిటి?" అంది విశాలాక్షి. మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "మీకు గోడలున్నాయి, వాటికోసం కొట్లాడుతున్నారు. అవి కూడా లేనివాళ్లకి నేనేం పెట్టి కట్టాలి? చెప్పండి!"

 అది నిజమైన ప్రశ్నే అని అందరికీ తెలుసు. అప్పుడు కూలీల్లోంచి ఒకడు చేతిలోని గీకుడుబద్దను కింద పెట్టాడు. పేరు తవిటయ్య. రోజుకూలికి వచ్చినవాడు.

"నాది గెడ్డగట్టేనమ్మా," అన్నాడు. "మా పేరు సెప్పి ఈళ్ల గోడలు పీకించకండి. మాకోసమని వసూలు సేసిన డబ్బుతో అద్దాలమేడ కట్టినారు, మేమే ఇటుకలు మోసినాం. మాకు తెల్దేటి?" తర్వాత హైమ వైపు తిరిగాడు. "అమ్మా, గోడే నేనిచోట ఇది గోడ కడతాదా?"

హైమ ఆలోచించింది. "వెదురుతడక అల్లి, దానికి పూస్తూ పోతే కడుతుంది. ఒక వానాకాలం పడుతుంది. కానీ కింద ఉన్న నేల మీ సొంతం కావాలి. ఎవరూ లేచిపొమ్మనని నేల."

"నేల ఎవులివ్వాలో ఆళ్లు ఇక్కడే ఉన్నారు," అన్నాడు తవిటయ్య.

విశాలాక్షి జీపెక్కింది. "బడ్జెట్ సమావేశంలో తేలుద్దాం," అని మాత్రం అంది. ఆ రోజుకి గోడలు గీకలేదు.

హైమను సస్పెండ్ చేశారు. కేసూ పెట్టారు. ప్రయోగశాలకు తాళం పడింది. ఆ సాయంత్రం ఎర్నమ్మ కంచంలో అన్నం పెట్టుకొచ్చి చెల్లెలి పక్కనే, భుజం తగిలేలా కూర్చుంది. "జీతం నేకపోతే పిండి రుబ్బు," అంది. హైమ మర్నాటి నుంచి పిండి రుబ్బింది. పగలంతా గెడ్డగట్టు మీద తడకలకు ఎలా పూయాలో చూపించింది.

*

బడ్జెట్ సమావేశానికి ముందే మగ్గాలవీధి వాళ్లు ఇంటిపన్ను కట్టేశారు. ఉన్నవాళ్లు లేనివాళ్లకు సర్దారు, లచ్చుమమ్మ బకాయి వీధంతా కలిసి కట్టింది. పొట్లం రుసుము మాత్రం ఒక్కరూ కట్టలేదు. ఇంక తమను ఇంటిపన్ను బకాయిదారులు అనడానికి లేదు.

పురపాలక సమావేశాలను పౌరులు కూర్చుని వినవచ్చని నిబంధన ఉంది. దాన్ని సాలిగెడ్డలో అప్పటిదాకా ఎవరూ వాడుకోలేదు. ఆ రోజు హాలు వెనక బెంచీలన్నీ నిండిపోయాయి, నిండగా మిగిలినవాళ్లు నేల మీద కూర్చున్నారు. గెడ్డగట్టు వాళ్లు తలుపుల దగ్గర నిలబడ్డారు. లచ్చుమమ్మను గౌరీసూ తవిటయ్యా కుర్చీతో సహా ఎత్తుకొచ్చి, నడవ మధ్యలో, వేదికకు ఎదురుగా దించారు. ఆమె ఒళ్లో దుప్పటి కప్పుకుని ఉంది. దుప్పటి కింద ఒకవైపు ఖాళీ.

హైమ ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కాలు పోయిన దగ్గరనుంచీ లచ్చుమమ్మ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు. పొమ్మనలేదు కూడా.

వార్డు సభ్యులు వచ్చి కూర్చున్నారు. విశాలాక్షి వచ్చింది. హాలు చూసి ఒక్క క్షణం ఆగింది. లెక్కలాయన ఆమె చెవిలో ఏదో చెప్పాడు.

"చూడండమ్మా," అంది విశాలాక్షి మైకులో, "పద్దులు చర్చించేటప్పుడు ఇంతమంది ఉంటే పని జరగదు. నిర్ణయాలు నోటీసుబోర్డులో పెడతాం. దయచేసి అందరూ లేచి బయటికి వెళ్లండి."

ఎవరూ కదల్లేదు. పోలీసు ఒకతను ముందుకు రాబోయి, నడవకు అడ్డంగా ఉన్న కుర్చీ దగ్గర ఆగిపోయాడు. అందరి చూపూ దానిమీదే పడింది. లచ్చుమమ్మ దుప్పటి మోకాలి మీదికి సర్దుకుని, వేదిక వైపు తలెత్తింది.

"నాను లెగలేను తల్లీ," అంది. "మీరు కానియ్యండి."

 విశాలాక్షి చాలాసేపు ఆమెనే చూసింది. తర్వాత మైకు తనవైపు లాక్కుని లెక్కలాయనతో అంది:

"చదవండి. మరమ్మతు పన్ను దగ్గర్నుంచి మొదలుపెట్టండి. గట్టిగా చదవండి."